ఫోటోలా ఉంటే బహుమతి ఇవ్వాల్నా?

పాస్టెల్ అంటే సుద్దముక్కల్లాంటి రంగు కడ్డీలు. వాటితో వేసిన బొమ్మ ముందు నిలబడి "అబ్బ, అచ్చం ఫోటో లెక్కనే ఉన్నది" అనేవాళ్లతో నాకు పేచీ లేదు. ఆదివారం సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్లు ఎలాగైనా మెచ్చుకోవచ్చు. నా పేచీ అంతా చేతిలో మార్కుల కాగితం పట్టుకుని అదే మాట అనే జడ్జిలతో. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు చిన్న చిన్న చిత్రకళా సంఘాలు పెట్టే సభ్యుల ప్రదర్శనలు ఏళ్ల తరబడి చూస్తున్నాను, కొన్నిటికి జడ్జిగానూ వెళ్లాను. పాస్టెల్ విభాగంలో మొదటి బహుమతి దేనికొస్తుందో హాల్లో అడుగు పెట్టకముందే చెప్పేయొచ్చు. ముడతలు పడ్డ ముసలవ్వ ముఖం, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుకు పుల్ల, వెనకంతా మసక చీకటి. వేలితో రుద్ది రుద్ది ఎక్కడా గీత అన్నది కనబడకుండా నున్నగా చేసిన బొమ్మ.

ఈమధ్య హనుమకొండలో ఒక సంఘం ప్రదర్శనకు ముగ్గురు జడ్జిల్లో ఒకడిగా వెళ్లాను. అక్కడా ముసలవ్వ ఉంది. ఆమెకు ఏ బహుమతీ రాలేదు. ఫలితాలు చదివాక చిన్నపాటి రభసే అయింది. "ఇంత కష్టపడ్డ బొమ్మను పక్కకు పెట్టి మిరపకాయల కుప్పకు ఫస్ట్ ప్రైజా?" అన్నారు. అన్నవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లూ ఉన్నారు. చీఫ్ గెస్టు మైకు పట్టుకుని ఉండగా ఇవన్నీ మాట్లాడటం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సంఘం పేరు, చిత్రకారుల పేర్లు రాయను. ఈ ఊళ్లో ఉండేవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది, మిగతావాళ్లకు అక్కర్లేదు.

సభ్యుల ప్రదర్శనలో హైదరాబాద్ గ్యాలరీల్లో ఉండే వడపోత ఉండదు. చందా కట్టిన ప్రతి సభ్యుడికీ గోడ మీద చోటుంటుంది. అందుకే రిటైరైన బ్యాంకు మేనేజరు వేసిన భద్రకాళి చెరువు, ఎన్ఐటీ కుర్రాడు వేసిన కాజీపేట జంక్షన్, ఇంట్లో ట్యూషన్ చెప్పుకునే ఆవిడ వేసిన బతుకమ్మ ఒకే గోడకు పక్కపక్కన వేలాడతాయి. చిత్రకారుడు తోట వైకుంఠం గారు వేసే ఆడవాళ్ల బొమ్మలకు నకళ్లు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వెళ్లిన ఆయన ఎరుపూ పసుపూ మన కళ్లల్లో అంతగా నిలిచిపోయాయి, తప్పదు. ఇలాంటి చోట ఎవరు లోపలికి, ఎవరు బయటికి అని తేల్చే పని జడ్జికి లేదు. అందరూ లోపలే ఉన్నారు. ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు ఆగాలో, ఎందుకు ఆగాలో చెప్పడమే ఆయన పని. బహుమతి సొమ్ము ఎలాగూ ఫ్రేము ఖర్చుకు కూడా చాలదు. సభ్యుడు ఇంటికి తీసుకుపోగలిగేది ఆ 'ఎందుకు' ఒక్కటే. మన జడ్జిలు చెప్పకుండా ఎగ్గొట్టేదీ దాన్నే.

ఇక పాస్టెల్. రంగు పొడి, కాస్త సుద్ద, అది కడ్డీగా నిలబడటానికి ట్రాగకాంత్ లాంటి జిగురు ఉందా లేదా అన్నంత. సాఫ్ట్ పాస్టెల్ అంటే ఇంతే. నూనె ఉండదు, అందుకే ఏళ్లు గడిచినా ఆయిల్ పెయింటింగ్ లాగా పచ్చబడదు, పగుళ్లివ్వదు. జిగురు అంత తక్కువ కాబట్టి వాకిట్లో ముగ్గు నేలను పట్టుకున్నట్టు ఆ పొడి కాగితం గరుకును పట్టుకుని ఉంటుంది. రేణువుల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు వాటి మీద పడి నాలుగు దిక్కులకూ చెదిరి మన కంటికి వస్తుంది. పాస్టెల్ రంగులో కనబడే ఆ వెలుగు అక్కణ్నుంచి వచ్చేదే. వేలితో అదేపనిగా రుద్దితే రేణువులు కాగితం గుంటల్లోకి దిగిపోతాయి, పైభాగం చదునవుతుంది, పక్కపక్కనున్న రెండు రంగులూ కలిసి చాలాసార్లు బూడిద రంగుకు తిరుగుతాయి. గరుకంతా నిండిపోయాక ఇంకో పొర వేద్దామన్నా పట్టదు, జారిపోతుంది. పొడి రాలకుండా కొట్టే జిగురు మందు, ఫిక్సేటివ్ స్ప్రే, ఎక్కువ కొట్టినా దాదాపు ఇదే గతి. గాలి ఉండాల్సిన చోట జిగురు చేరి రంగు ఒక మెట్టు నల్లబడుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు దెగా లాంటివాడు ఒక పొర వేసి, ఫిక్సేటివ్ పట్టించి, దాని మీద మళ్లీ పొర వేసుకుంటూ పోయాడు. ఆయన పద్ధతి వేరు. మనవాళ్లు మాత్రం బొమ్మంతా అయిపోయాక డబ్బా సగం ఖాళీ చేసి, రంగు చచ్చిపోయిందని ఏడుస్తారు.

ఇంకో ఇబ్బంది ఉంది. వాటర్ కలర్లో, ఆయిల్లో లాగా ప్యాలెట్ మీద కావలసిన రంగు కలుపుకోవడం పాస్టెల్లో కుదరదు. డబ్బాలో ఏ స్టిక్కు ఉంటే అదే. పారిస్‌లోని సెనెలియే కంపెనీ సాఫ్ట్ పాస్టెల్లో 500 పైచిలుకు రంగులు చేస్తుంది. హనుమకొండలో స్టేషనరీ షాపుకు పోతే మామూలుగా దొరికేది 24 రంగుల డబ్బా. ఆ 24తోనే ఒక రంగు మీద ఇంకో రంగు గీతలు వదులుగా లాగి, దూరం నుంచి చూసేవాడి కంట్లో డబ్బాలో లేని రంగును పుట్టించాలి. పాస్టెల్ వేసేవాడి విద్యంతా అందులో ఉంది. నేను ముందు వెతికేది దాన్నే. పాపం చిన్న డబ్బాతో వేశారని జాలిపడి ఇచ్చే మార్కు కాదది. 500 రంగులున్నవాడు కూడా ఆ పని చేయకపోతే నా దగ్గర వెనకబడతాడు.

(బడిపిల్లల డబ్బాల్లో ఉండేవి ఆయిల్ పాస్టెళ్లు, అది వేరే సరుకు. నూనె, మైనం కలిపి చేస్తారు. జపాన్‌లో సకురా కంపెనీ వాటిని 1925లో తెచ్చింది. రెండింటినీ ఒకే విభాగంలో వేలాడదీసి ఒకే కొలతతో కొలవడం మన సంఘాల పాత అలవాటు. ఈసారీ ఒకటి వచ్చింది. బొమ్మ బాగుంది, ఏం చేయాలో ముగ్గురికీ తోచక ప్రోత్సాహక బహుమతితో సరిపెట్టాం.)

ముసలవ్వ దగ్గరికి వద్దాం. దూరం నుంచి గొప్పగా ఉంది, కాదనను. ఒక్కో ముడత, ముడత పక్కన నీడ, పై పెదవి మీద నూగు. వేసినతని ఓపికకు దండం పెట్టాలి. అడుగు దూరంలోకి వెళ్లి, ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూశాను. పాస్టెల్ బొమ్మను పక్క వెలుతురులో చూస్తే ఏ గీత ముందు పడిందో, ఏది తర్వాత పడిందో, చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ ధైర్యంగా కదిలిందో అన్నీ బయటపడతాయి. ఇక్కడ ఏమీ బయటపడలేదు. కాగితమంతా ఒకటే నునుపు. తర్వాత కళ్లలోకి చూశాను. రెండు నల్లగుడ్ల మీదా తెల్లటి గుండ్రటి రింగు మెరుస్తోంది. రింగ్ లైట్! మేకప్ వీడియోలు తీసేవాళ్లు ఫోన్ చుట్టూ పెట్టుకునే దీపం. తలమీద కొంగు కప్పుకున్న పల్లెటూరి అవ్వ కంట్లో అదేం చేస్తోంది? కొంచెం కిందికి వస్తే ఎడమ చెవి జూకా. సగం పూసలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, మిగతా సగం వెనక మసకలో కరిగిపోయింది. చిత్రకారుడు కావాలని కరిగించింది కాదది. ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ పెడితే అంచు ఎక్కడుందో తెలుసుకోలేక ఒక్కోసారి చెవినీ వెంట్రుకలనూ కలిపి మసక చేస్తుంది కదా, ఆ మసక. ఫోన్ చేసిన పొరపాటును కూడా అంత శ్రద్ధగా దించాడు. అవ్వను చూసింది ఫోను, ఈయన చూసింది ఫోను తెరను.

ఇలాంటి బొమ్మలకే బహుమతులు ఎందుకొస్తాయంటే, మార్కుల కాగితం అలా తయారు చేశారు కనుక. కూర్పుకు 10, రంగులకు 10, టెక్నిక్‌కు 10, ఫినిషింగ్‌కు 10. ఆ చివరి గడి దగ్గరే కొంప మునుగుతుంది. గీత కనబడకూడదు, కాగితం కనబడకూడదు, నాలుగు మూలల దాకా రంగు నిండాలి, మనవాళ్ల లెక్కలో ఫినిషింగ్ అంటే ఇదే. నాకు తోచినంతలో ఇది బడి నుంచి, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షల నుంచి అంటుకున్న అలవాటు. నేనూ ఆ పరీక్షలు రాసి డ్రాయింగ్ టీచర్నయినవాణ్ణే. కుండ గుండ్రంగా కనబడాలి, షేడింగ్ నున్నగా రావాలి, లేకపోతే మార్కు పోతుంది. పదో తరగతి పిల్లవాడికి ఆ సాధన అవసరమే. యాభై ఏళ్ల సభ్యుణ్ణి కూడా అదే కుండతో కొలిస్తే ఎట్లా?

ముగ్గురి మార్కులూ కూడటం ఇంకో గొడవ. ఒక బొమ్మకు పదికి ఒకరు 9, ఒకరు 4, ఒకరు 8 వేశారనుకోండి, మొత్తం 21. ఎవరికీ పెద్దగా నచ్చని, ఎవరికీ అభ్యంతరం లేని నున్నటి బొమ్మకు 7, 7, 8 పడి 22 వస్తాయి. గెలిచేది అదే. 9 వేసినాయనకూ 4 వేసినాయనకూ ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకుంటేనే కదా అసలు పని మొదలయ్యేది! మన దగ్గర ఆ మాటలే ఉండవు. కాగితాలు కార్యదర్శి చేతికిచ్చి బిస్కెట్లు తింటారు. ఈసారి ముగ్గురం కాగితాలు పక్కన పెట్టి బొమ్మల ముందు నిలబడి వాదించుకున్నాం. ట్యూబులైట్లు అద్దాల్లో మెరిసి అడ్డమొస్తుంటే కొన్ని బొమ్మలను గోడ మీంచి దింపి వరండాలోకి పట్టుకుపోయి చూశాం. కార్యదర్శి మధ్య మధ్య వచ్చి "సార్, చీఫ్ గెస్టు హంటర్ రోడ్డు దాకా వచ్చిండ్రట, జర జల్ది తెముల్చుండ్రి" అంటున్నాడు. ఆయన వస్తే చాయ్ ఇచ్చి కూసోబెట్టు తమ్మీ అన్నాను.

వాదన గట్టిగానే జరిగింది. మాలో ఒకాయన ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. నా మీదికి లియోతార్‌ను వదిలాడు. "గీత కనబడకపోతే పాస్టెలే కాదన్నట్టు మాట్లాడుతున్నవ్, మరి చాక్లెట్ పిల్ల సంగతేందన్నా?" అన్నాడు. మంచి దెబ్బే. జెనీవాలో పుట్టిన జాన్ ఎతియెన్ లియోతార్ 1744 ప్రాంతంలో వేసిన ఆ బొమ్మ ఇప్పుడు జర్మనీలో, డ్రెస్డెన్‌లో ఉంది. తోలుకాగితం మీద పాస్టెల్. పళ్లెంలో చాక్లెట్ కప్పు, గ్లాసు నీళ్లు పెట్టుకుని నడిచిపోతున్న పనమ్మాయి. ఎంత వెతికినా గీత దొరకదు. బొమ్మలో గీతలు కనబడటం తప్పని ఆయన 1781లో రాసి అచ్చు వేయించాడు కూడా. అంతకు ముందు, 1720లో, పారిస్‌లో రాజుగారి అకాడమీ సభ్యురాలైన వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కారియెరా బొమ్మల్లోనూ బుగ్గలు మెత్తగా కలిసిపోయి ఉంటాయి.

కాబట్టి రుద్దడం పాపమని నేను అనలేను, అనడం లేదు. అదే శతాబ్దంలో ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ ఉన్నాడు. బతుకంతా ఆయిల్ రంగులతో గడిపి, కళ్లు దెబ్బతిని, డెబ్బై దాటాక పాస్టెల్ పట్టాడు. కళ్లజోడు పెట్టుకుని 1771లో వేసుకున్న తన బొమ్మ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ముఖం మీద గీత పక్కన గీత, దాచకుండా వదిలేశాడు. లియోతార్ దాచాడు, షార్దాన్ దాచలేదు. అయితే గ్లాసు మీద వెలుతురు ఎక్కడ ఆగాలో, చెంప మీద ఎరుపు ఎక్కడ తెగాలో ఇద్దరూ ఎవరికి వాళ్లు కంటితో చూసి తేల్చుకున్నారు. మన వైపు పెద్దలూ అంతే. పాత వరంగల్ జిల్లా పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి దక్కన్ బండరాళ్లను గీశారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారి పాస్టెళ్లు చూడండి, బొమ్మను నడిపించేది గీతే. ఒకరి పద్ధతి ఒకరికి రాదు. నేను అడిగేదల్లా, ఈ కాగితం మీద వేసినవాడు సొంతంగా తేల్చుకున్నది ఏమిటని. ముసలవ్వ బొమ్మలో ఎంత వెతికినా అది దొరకలేదు.

రెండో బహుమతి వచ్చిన బొమ్మలో దొరికింది. వేసినాయన ఒకప్పుడు సైన్ బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది, ఇప్పుడు చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. బూడిదరంగు కాగితం మీద వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిని మన ఊళ్లో బొమ్మలు నేర్చుకున్న ప్రతివాడూ ఒక్కసారైనా వేసి ఉంటాడు, నిజం చెప్పాలంటే చూసీ చూసీ విసుగొచ్చింది. దగ్గరికి వెళ్తే గుడంతా లేదు. ఒక నల్లరాతి స్తంభం, దాని పక్కన అరిగిన మెట్టు, మెట్టు సందులో గడ్డి. మెట్టునూ గడ్డినీ స్టిక్కు అంచుతో చకచకా లాగి వదిలేశాడు. బోర్డులు రాసిన చెయ్యి కదా, ఒక్క గీతనూ రెండోసారి దిద్దలేదు. స్తంభం మీద వెలుతురు పడే సన్నటి పట్టీ మేర మాత్రం వేలితో రుద్దాడు. ఆ గుడి స్తంభాల మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఆ నునుపు తెలుసు. బొమ్మ మొత్తంలో నున్నగా ఉన్నది అదొక్క చోటే, కాబట్టి అక్కడ రాయి నునుపే కనిపిస్తోంది. లియోతార్ తెచ్చినాయనను పిలిచి చూపించాను. "గిది ఒప్పుకుంట" అన్నాడు.

ఇక ఆ మిరపకాయల కుప్ప. ఎనుమాముల మార్కెట్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని చపాటా మిర్చికి ముచ్చికలు తీస్తున్నారు. చపాటా మన వైపు పండే పొట్టి, గుండ్రటి మిర్చి. కారం తక్కువ, రంగు ఎక్కువ, 2025లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఎరుపు పట్టుకోవడం మహా కష్టం. డబ్బాలో ఎర్ర స్టిక్కులు రెండో మూడో ఉంటాయి, వాటితోనే కుప్పంతా నింపితే ఎర్ర సున్నం కొట్టిన గోడ తయారవుతుంది. ఈమె కుప్పకు నీడ ఉన్న చోట ముందు ముదురు ఆకుపచ్చ గీతలు వేసింది. దాని మీద ఊదా, దాని మీద ఎరుపు, అన్నీ వదులుగా, కింది రంగు ఊపిరాడేంత సందు ఉంచి. ఆ సందుల్లోంచి ఆకుపచ్చ తొంగిచూస్తుంటే పైనున్న ఎరుపు మండిపోతోంది. ఎండ తగిలే చోట నారింజ స్టిక్కును గట్టిగా ఒత్తి చిన్న చిన్న ముద్దలు వదిలింది, ముద్దకొక కాయ.

నాకు అన్నిటికంటే నచ్చింది గోనెసంచులు. బొమ్మ వేయడానికి ఆమె గోధుమరంగు కాగితం తీసుకుంది. సంచులున్న చోట అసలేమీ వేయలేదు. చుట్టూ నీడ పెట్టి, కుట్టు దగ్గర నాలుగు పొట్టి గీతలు గీసింది. కాగితమే గోనె అయింది. మార్కుల కాగితం పట్టుకున్నవాళ్లకు అది రంగు నింపకుండా వదిలేసిన జాగాలా కనిపిస్తుంది. మా మూడో జడ్జి మేడం మొదట అదే అన్నారు, "టైమ్ చాలక వదిలేసినట్టుంది" అని. నాలుగడుగులు వెనక్కి రమ్మన్నాను. వచ్చి, చూసి, మళ్లీ దగ్గరికి వెళ్లి చూసి, "అరే, సంచే కదా!" అన్నారు. బొమ్మలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ముఖాలు సరిగా కుదరలేదు, ఒకామె చెయ్యి మరీ పొడుగైంది. అది ఆమెకు చెప్పాం కూడా. అయినా ఆ గోడ మీదున్న బొమ్మల్లో వేసిన మనిషి ఎదురుగా నిలబడి చూసింది అని అనుమానం లేకుండా చెప్పగలిగేది దాన్ని గురించే.

ఆ బొమ్మ చుట్టూ పెట్టిన దళసరి అట్ట, మౌంట్ బోర్డు, కింది అంచున ఎర్ర పొడి సన్నగా రాలి ఉంది. పరకాల నుంచి బైకు మీద వచ్చింది, రాలదా మరి? అది చూసి మార్కులు తగ్గించాలన్నారు ఒకరు. పాస్టెల్ కొంత రాలుతుంది, దానికి శిక్ష వేయక్కర్లేదు. సలహా చెబితే చాలు. అద్దానికీ బొమ్మకూ మధ్య కనీసం మౌంట్ బోర్డు మందమైనా ఖాళీ ఉండాలి. మన ఫ్రేమ్ షాపుల్లో చెప్పకపోతే అద్దాన్ని నేరుగా ఆనించి బిగిస్తారు. రంగు అద్దానికి అంటుకుంటుంది, వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. అద్దం బరువని యాక్రిలిక్ షీటు వేయించుకుంటే ఇంకో తంటా, గుడ్డతో తుడిచినప్పుడల్లా దానికి పుట్టే స్టాటిక్ కరెంటు పొడిని లాక్కుంటుంది.

ఫలితాలయ్యాక ముసలవ్వ బొమ్మ వేసినతను నా దగ్గరికి వచ్చాడు. కోపంగానే వచ్చాడు, మర్యాద మాత్రం తప్పలేదు. "సార్, నా బొమ్మల ఏం తక్కువైందో చెప్పుండ్రి" అన్నాడు. ప్రతి సభ్యుడూ అడగాల్సిన ప్రశ్న అది, జడ్జి దగ్గర జవాబు ఉండి తీరాల్సిన ప్రశ్న. బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి కంట్లో రింగు, జూకా దగ్గర మసక చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంటర్నెట్ల దొరికిన ఫోటో సార్. మరి ముసలవ్వను గంటలు గంటలు ఎవరు కూసోబెడ్తరు? ఆమెకు పనుండదా?" అన్నాడు.

న్యాయమైన మాటే. కానీ పాస్టెల్‌కు ఉన్న సుఖమే అది. నీళ్లు అక్కర్లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు, పావుగంట దొరికినా నాలుగు రంగులతో ఒక ముఖం పట్టుకోవచ్చు. "ఫోటో పెట్టుకోవద్దని ఎవలన్నరు తమ్మీ? నీ ఫోన్ల నువ్వే తీస్కో. మీ వాడకట్టుల అవ్వ గడప మీద కూసుని చాయ్ తాగుతున్నప్పుడు తియ్. ఆమె కంట్ల ఏం మెరుస్తదో నువ్వే చూసినట్టయితది" అన్నాను. తలూపాడు. ఒప్పుకున్నాడని మాత్రం అనుకోను. "ఫేస్‌బుక్కుల మస్తు లైకులొచ్చినయ్ సార్ దీనికి" అని చెప్పి వెళ్లిపోయాడు.

కార్యవర్గంతో తర్వాత కూర్చున్నప్పుడు దీని మీదే మాట్లాడాను. ఇంకొకరి ఫోటో చూసి వేసిన బొమ్మ అయితే ఆ సంగతి దరఖాస్తులో రాయాలి, దాన్ని బహుమతికి పెట్టొద్దు, ప్రదర్శనలో మాత్రం ఉండనివ్వండి అన్నాను. ఇది నా ఛాదస్తం కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం పెయింటింగ్, శిల్పాల సరసనే ఫోటోను కూడా కళాకృతిగా లెక్కేస్తుంది. ఎవరో తీసిన ఫోటోను అంగుళం తేడా లేకుండా దించి, దానికి మన సంఘం ముద్రతో బహుమతి పత్రం ఇస్తే, రేపు ఆ ఫోటోగ్రాఫర్ వచ్చి అడిగితే ఏం చెబుతాం? దానికి అందరూ తలూపారు. ఫినిషింగ్ గడి తీసేయమంటే మాత్రం ముఖాలు చిట్లించారు. అది లేకపోతే మార్కులు వేయడం జడ్జిలకు కష్టమవుతుందట. కష్టం కావాలనే కదా నేననేది.

కోశాధికారి బెంగ వేరు. ఇట్లాంటి రూల్సు పెడితే వచ్చే ఏడాది బొమ్మలు తగ్గుతాయి, బొమ్మలు తగ్గితే చందాలు తగ్గుతాయి, హాలు కిరాయికి చేతి నుంచి పెట్టుకోవాల్సి వస్తుందని ఆయన టెన్షన్. తగ్గొచ్చు, కాదనను. అందుకే జనం ఓటుతో ఇంకో బహుమతి పెట్టమన్నాను. గుమ్మం దగ్గర డబ్బా, పక్కన చీటీలు. చూడవచ్చినవాళ్లు వాళ్లకు నచ్చిన బొమ్మ నంబరు రాసి వేస్తారు. ముసలవ్వే గెలుస్తుంది, నాకేం బాధ లేదు, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. జడ్జిలిచ్చే బహుమతికి మాత్రం జడ్జిలు నాలుగు వాక్యాల్లో కారణం రాసి, కింద సంతకం పెట్టి, బొమ్మ పక్కన గోడకు అంటించాలి. డబ్బా తాను చేయించి ఇస్తానని ఫ్రేమ్ షాపాయన అప్పటికప్పుడే ముందుకొచ్చాడు. కారణం రాసి సంతకం పెట్టే జడ్జిల కోసం కార్యదర్శి ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.